కాళ్లు కోయని ఎర్ర లైటు

పొద్దున ఎనిమిదిన్నరకు మిర్యాలగూడ సీఐ ఫోన్ చేసి, సాయంత్రం ఐదింటి దాకా టైమిస్తున్నానన్నాడు. ఐదు దాటితే జమ్లీని అరెస్టు చేయక తప్పదట. ఆయన చెడ్డవాడేమీ కాదు, కానీ రిపోర్టు ఆమెకు వ్యతిరేకంగా ఉంది, పైవాళ్లు ఊరుకోవడం లేదు. తొమ్మిదింటికి నేను కోదాడలో కల్పన గారి కరెంటు ప్యానెళ్ల షెడ్డు ముందు కారు ఆపాను.

కేసు చిన్నదే. మూడు రోజుల కింద మిర్యాలగూడ దగ్గర అన్నసిరి రైస్ మిల్లులో బాయిలర్ గొట్టం పగిలింది. ఆపరేటర్ ఐలయ్య మీద ఆవిరి కొట్టి ఒళ్లంతా కాలింది. అప్పుడు టైం మధ్యాహ్నం ఒకటీ నలభై. బాయిలర్లో నీళ్లు తగ్గితే ప్యానెల్ మీద ఎర్ర లైటు వెలిగి, దాని వెనకే సైరన్ మోగాలి. ఆ రోజు నీళ్లు అడుగంటినా లైటు వెలగలేదు, సైరన్ మోగలేదు. ప్యానెల్ తెరిచి చూస్తే ఎర్ర ఎల్ఈడీ ఉల్టా పెట్టి ఉంది. ప్యానెల్ కల్పన గారి షెడ్డులో తయారైంది. దానికి లైట్లు పెట్టింది జమ్లీ. ఆమెకు అరవై రెండేళ్లు, చూపు లేదు.

ఇక ఎవరికీ సాక్ష్యం అక్కర్లేకపోయింది. కళ్లు లేని మనిషి పెట్టింది, తిరగబడింది అని తేల్చేశారు. నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకున్నాను. పదేళ్లు హెడ్ కానిస్టేబుల్‌గా, ఆరేళ్లు సూర్యాపేటలో ప్రైవేటు డిటెక్టివ్‌గా చేస్తే మనిషికి తెలివి పెరుగుతుందో లేదో గాని, అనుమానం మాత్రం పెరుగుతుంది. కల్పన గారు నన్ను పెట్టుకుంది జమ్లీని కాపాడమని. నేను వెళ్లింది జమ్లీ తప్పు ఎంతో కొలవడానికి.

ఆమె చాప మీద కూర్చుని ఉంది. ఒళ్లో స్టీలు పళ్లెం, పళ్లెం నిండా కందిగింజలంత లైట్లు. నా అడుగుల చప్పుడుకే తల ఎత్తింది. పోలీసాయనవా అని అడిగింది. మానేశానని చెప్పాను. బూట్లు ఇంకా మానలేదు కదా అంది.

“అవ్వా, ఇందులో ప్లస్ ఏదో, మైనస్ ఏదో నీకెట్ల తెలుస్తది?” అని అడిగాను.

“నీకెట్ల తెలుస్తది సారూ?”

నాకు తెలియదని ఒప్పుకున్నాను. ఆమె నవ్వి ఒక లైటు తీసి నా అరచేతిలో పెట్టింది. దానికి రెండు సన్నని తీగ కాళ్లు ఉన్నాయి, ఒకటి కొంచెం పొడుగు.

“పొడుగు కాలు ప్లస్, పొట్టి కాలు మైనస్. గిది అందరికీ తెలుసు. కాళ్లు కోసినంక సూడాలె అసలు సంగతి. గుండు కింద అంచు తడుము. సుట్టూ గుండ్రంగ ఉంటది గని, ఒక్క జాగల సపాటు ఉంటది. సపాటు దిక్కున్నది మైనస్.”

బొటనవేలితో తడిమాను. నాకు ఏ సపాటూ తగల్లేదు. కళ్లు మూసుకొమ్మంది. మూసుకుని గోటి అంచుతో మెల్లగా తిప్పితే, ఒక్క చోట గుండ్రం తెగి గోరు జారింది. ఆవగింజంత తేడా. యాభై ఏళ్లు వచ్చాయి, ఇంట్లో ఇన్ని లైట్లు వెలుగుతున్నాయి, వాటికి ఇలాంటి గుర్తు ఒకటి ఉంటుందని నాకు తెలియనే తెలియదు. నిజంగా ఆశ్చర్యపోయాను.

కల్పన గారు పక్కన నిలబడి, కళ్లున్న వాళ్లు ఇంకో పద్ధతి వాడతారని చెప్పారు. లైటును వెలుతురుకు పెట్టి చూస్తే లోపల రెండు రేకు ముక్కలు కనిపిస్తాయి, పెద్దది మైనస్. “కానీ కొన్ని రకాల్లో అది తిరగబడి ఉంటుందండీ. మేం చూసి మోసపోయాం. జమ్లమ్మ తడిమి ఎప్పుడూ మోసపోలేదు” అన్నారు.

ఆ మాట నేను నమ్మలేదు. యాభై లైట్లకు రెండు కాళ్లూ సమంగా కత్తిరించి కలిపేయమన్నాను. జమ్లీ ముందు వాటిని పోసి గడియారం చూశాను. ఆమె ఒక్కొక్కటి తీసి, వేళ్ల మధ్య ఒక్కసారి తిప్పి, సపాటు అంచు తన వైపు వచ్చేలా చాప మీద వరసగా పేర్చింది. పెదవుల మీద తన తండా మాటలో ఏదో లెక్క నడుస్తోంది. నాలుగు నిమిషాల పది సెకన్లు పట్టింది. బిళ్ల బ్యాటరీ తీసుకుని, ప్లస్ వైపు సపాటు లేని కాలుకు ఆనించి నేనే ఒక్కొక్కటి పరీక్షించాను. ఎర్రవి, పచ్చవి, పసుపువి, యాభైకి యాభై వెలిగాయి. కావాలని ఒకదాన్ని తిప్పి పెట్టి చూశాను, అది వెలగలేదు.

“ఉల్టా పెడితే ఎలగదు సారూ. దీంట్ల కరెంటు ఒక్క దిక్కే పోతది. ఆ దిక్కు నుంచి వస్తే గోడ. మిల్లు ప్యానెల్‌ల సైరన్ దీని ఎనకాలే ఉంటది. ఇది ఎలిగితేనే దానికి కరెంటు అందుతది.”

చివరి లైటును ఆమె బ్యాటరీ మీద పెట్టుకుని కుడి కంటికి ఆనించుకుంది. ఆ కంటికి వెలుతురుకూ చీకటికీ తేడా మాత్రం తెలుస్తుందట. ఎర్రదో పచ్చదో తెలియదు, వెలిగిందని తెలుస్తుంది. రోజుకు రెండు వందల లైట్లు అట్లా కంటికి ఆనించుకునే పంపిస్తుంది. ముడతలు పడ్డ ఆ రెప్ప మీద ఎర్రని చుక్క పడింది. నేను కొలవడానికి వచ్చిన తప్పు ఈమె దగ్గర లేదని అప్పుడే అర్థమైంది.

తర్వాత ఆమె పని తీరు అడిగి రాసుకున్నాను. చూపు పోకముందు ముప్పై ఏళ్లు అద్దాల కుట్టు కుట్టింది. ఆ అలవాటుతోనే తీగకు లైటు కాలును రెండు చుట్లు చుట్టి, గుంజి చూసి, ఆ తర్వాతే సోల్డరింగ్ చేస్తుంది. రంగు కనబడదు కాబట్టి ప్లస్ వైరుకు చిన్న ముడి వేసుకుంటుంది. అంతా అయ్యాక లైటు కాళ్లు రెండూ సమంగా, గోరంత మిగిల్చి కోసేస్తుంది. మిగతా తీగ చేతికి గుచ్చుకుంటుందట.

ఐలయ్య తెలుసా అంటే ముఖం విప్పారింది. పన్నెండు రోజుల కింద ప్యానెల్ తీసుకుపోవడానికి వచ్చింది ఆయనే. బండి రావడం ఆలస్యమై పదకొండు నుంచి మూడింటి దాకా ఆమె పక్కనే కూర్చున్నాడు. నాకూ నేర్పు అవ్వా అని అడిగి, రెండు చుట్ల పని నేర్చుకున్నాడు. వాళ్లది వేములపల్లి వైపు గొర్లు కాసే ఇల్లు.

“మా గొర్లకు చెవులు కోస్తం అవ్వా, పెద్దమందల కలిసినా మాది ఏదో తెలుస్తది అన్నడు. నువ్వు కాళ్లు కోస్తున్నవ్, గిదే నీ గుర్తు అన్నడు. మంచి పిలగాడు. నలబై దాటినయట గని, నాకు పిలగాడే.”

పది దాటాక ఆమెను కారెక్కించుకుని మిర్యాలగూడకు బయలుదేరాను. దారి పొడవునా ఆమె నన్ను ఒక్కటే అడిగింది, ఐలయ్య బతుకుతాడా అని. సూర్యాపేట దవాఖానలో ఉన్నాడని, ఇంకా తెలివి రాలేదని చెప్పాను.

మిల్లు గేటు లోపల పదకొండూ నలభైకి మాకు మొదట ఎదురైంది ధర్మేందర్. గరిడేపల్లి బడిలో వాడూ నేనూ పదో తరగతి దాకా ఒకే బెంచీ. లెక్కల్లో వాడికి తొంభై ఎనిమిది, నాకు ముప్పై ఆరు. ఆ అరవై రెండు మార్కుల తేడా వాడు ఇప్పటికీ మీసం మీద పెట్టుకుని తిరుగుతాడు. ఇప్పుడు ఫ్యాక్టరీలకు సేఫ్టీ సలహాదారు. మిల్లు తరఫున రిపోర్టు రాసింది వాడే.

మా ఇద్దరి మాటలూ పలకరింపుతో మొదలై, రెండో నిమిషంలోనే కాట్లాటకు దిగాయి. పోలీసుల సీలు వేసిన ప్యానెల్‌ను ఒక ప్రైవేటు మనిషికి చూపిస్తారా అని అక్కడ కాపలా ఉన్న కానిస్టేబుల్‌ను గద్దించాడు. సీఐతో మాట్లాడించాను. అప్పుడు నా వెనక నిలబడ్డ జమ్లీని పైనుంచి కిందికి చూశాడు.

“సాక్షిని తెచ్చినవా, ముద్దాయిని తెచ్చినవా వీరేందర్?”

“నీ రిపోర్టు చదివి వినిపించు, తర్వాత చెప్త.”

చదివాడు. ప్రమాదం జరిగాకే మిల్లు వాళ్లు తనను పిలిచారు, అంతకుముందు ఈ మిల్లుతో తనకు సంబంధం లేదు. మూడూ ఇరవైకి ప్యానెల్ తెరిచాడు. ఎర్ర లైటు పొడుగు కాలు నల్ల వైరుకు, పొట్టి కాలు ఎర్ర వైరుకు ఉంది. అంటే ప్లస్ కాలు మైనస్‌కు పోయింది. తయారీలోనే జరిగిన తప్పు.

“పొడుగు కాలు” అన్న మాట దగ్గర నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. టార్చి వేసి ప్యానెల్ తలుపు వెనక చూశాను. మూడు లైట్లు ఉన్నాయి. పచ్చది, పసుపుది, రెండింటి కాళ్లూ సమంగా గోరంత మిగిల్చి కోసి ఉన్నాయి. ఎర్రదాని కాళ్లు మాత్రం దుకాణంలో కొన్నప్పటి పొడవునే ఉన్నాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఎవరూ కోయలేదు.

కరెంటు తీయించి, జమ్లీ చేయి పట్టుకుని ప్యానెల్ మీద పెట్టాను. పచ్చదాన్ని తడిమి నాదే అంది. పసుపుదాన్ని తడిమి నాదే అంది. ఎర్రదాని దగ్గర వేళ్లు ఆగాయి. పొడుగు కాలు కొస దాకా తడిమింది. కింద ముడి ఉన్న ప్లస్ వైరును పట్టుకుంది, దానికి సపాటు దిక్కు కాలు చుట్టి ఉంది. ఆ చుట్లను గోటితో లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. రెండు చుట్లు. ఆమె ముఖంలో రక్తం ఇంకిపోవడం నేను చూశాను.

“రాసుకో సారూ. నేనే ఉల్టా పెట్టిన.”

కానిస్టేబుల్ నా వైపు చూశాడు. ధర్మేందర్ కాగితాలు మడిచి, ఇగ ఖతం, మీ ముద్దాయి ఒప్పుకుందన్నాడు. నాకు కోపం వచ్చింది, ముందు ఆమె మీదే వచ్చింది. ఇంతసేపూ యాభైకి యాభై పెట్టిన మనిషి ఇప్పుడు ఎందుకు అబద్ధం ఆడుతుందో అర్థం కాలేదు. కానీ అది అబద్ధమని మాత్రం నాకు తెలుసు, దాన్ని నిలబెట్టడానికి నాకు రెండు సంగతులు దొరికాయి.

ఒకటి, ఆ కాళ్లు. జమ్లీ పెట్టిన లైటుకు పొడుగు కాలు, పొట్టి కాలు అనేవే ఉండవు, కోసేస్తుంది. ధర్మేందర్ రిపోర్టు అబద్ధమని నేననలేదు, అది అక్షరాలా నిజం. అందుకే ఆ లైటు జమ్లీది కాదు. రెండోది, మేం లోపలికి వస్తుంటే గేటు దగ్గర ఊక తట్ట దించుకుంటూ మిల్లు కూలీ సాయమ్మ చెప్పిన మాట. ఐలయ్య రోజూ పొద్దున ఆరింటికి బటన్ నొక్కి సైరన్ పరీక్షిస్తాడట. ప్రమాదం జరిగిన రోజు కూడా అది మోగింది, ఆమె చెవులు మూసుకుంది. పన్నెండు రోజుల కిందే ఉల్టా పెట్టిన లైటైతే, దాని వెనకున్న సైరన్ ఆ పొద్దున మోగేదే కాదు.

“పొద్దున ఆరుకూ మధ్యాహ్నం ఒకటీ నలభైకీ నడుమ ఎవరో పాత లైటు పీకి, కొత్తది ఉల్టా పెట్టిండ్రు ధర్మేందర్. నీ రిపోర్టుల నువ్వే రాసినవ్, పొడుగు కాలు అని.”

 ఆ ముసలామె ఒక్కదానికి కోయడం మర్చిపోయి ఉంటుందన్నాడు, ఆ మాటలో వాడికే నమ్మకం లేదు. తన కాగితం తీసి ఆ వాక్యాన్ని మళ్లీ చదువుకున్నాడు. తర్వాత గడియారం చూసుకుని, సూర్యాపేటలో పని ఉందని కారెక్కాడు. పన్నెండూ ముప్పై అయిదు. లెక్కల్లో వాణ్ని ఓడించానని నేను లోపల మురిసిపోయాను. ఆ మురిపెం నాకు ఎంత చేటు చేసిందో తర్వాత తెలిసింది.

మేము ఒంటిగంటకు బయలుదేరాం.  వేములపల్లి దాటాక రోడ్డు పక్కన కారు ఆపి, ఎవరి కోసం అబద్ధం ఆడుతున్నావని అడిగాను. 

“ఆ రెండు సుట్లు నా తీరు సారూ. షెడ్డుల మిగతా ఆడోళ్లు ఒక్క సుట్టే సుడ్తరు. నేను నేర్పింది ఒక్కనికే. వాడు తోలు ఊడి దవాఖానల పండిండు. చేసింది వాడే అంటే రేపు కేసు వాని మీదికే పోతది. వాని పెండ్లాం ఎటు పోవాలె? నాకంటవా, జైలైనా ఇల్లైనా ఒక్క తీరే.”

 ఒక్క పూట పక్కన కూర్చుని పని నేర్చుకున్న మనిషి కోసం ఈమె జైలుకు పోవడానికి సిద్ధపడింది. ఎందరో నేరాలు ఒప్పుకోవడం చూశాను గాని, ఇట్లా ఒప్పుకున్న మనిషిని నా సర్వీసులో చూడలేదు. చేతులెత్తి మొక్కాలనిపించింది. కానీ ఒక ప్రశ్న మిగిలింది. తన ప్రాణం కాపాడే సైరన్‌ను ఐలయ్య తనే ఎందుకు మూగది చేశాడు?

సూర్యాపేట దవాఖాన చేరేసరికి రెండూ ఇరవై. ఐలయ్య భార్య యాదమ్మ కింద లిఫ్టు ముందు బల్ల మీద బట్టల సంచి పెట్టుకుని కూర్చుని ఉంది. జమ్లీ పేరు చెప్పగానే ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది. కోదాడ అవ్వ గురించి తన మనిషి ఇంట్లో రోజూ చెప్పేవాడట. ప్రమాదం రోజు ఆయన ఒంటి మీది బట్టలు, ఫోను ఆ సంచిలోనే ఉన్నాయి, ఎవరూ అడగలేదు.

చొక్కా జేబులో అగ్గిపెట్టె ఉంది. అగ్గిపెట్టెలో పుల్లలు లేవు. ఒక ఎర్ర ఎల్ఈడీ ఉంది, కాళ్లు సమంగా గోరంత మిగిల్చి కోసినది. జమ్లీ దాన్ని వేళ్ల మధ్య ఒక్కసారి తిప్పి, కొంగు ముడిలోంచి బిళ్ల బ్యాటరీ తీసి ఆనించింది. కుడి కంటి దగ్గర పెట్టుకుంది. వెలిగింది. మంచి లైటును పీకి, పారేయకుండా భద్రంగా దాచాడు ఐలయ్య.

ఫోనుకు తాళం లేదు. వాట్సాప్ తెరిచాను. ప్రమాదం రోజు మధ్యాహ్నం పన్నెండూ నలభై ఎనిమిదికి, పేరు లేని నంబరు నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చి ఉంది. నొక్కాను.

“ఐలయ్యా, నీళ్ల పంపు రెండ్రోజులల్ల బాగైతది, అప్పటిదాక బాయిలర్ ఆపొద్దు. ఆ ఎర్ర లైటు ఊకె మొత్తుకుంటే పని ఎట్ల నడుస్తది? వైరు కోయకు, దొరుకుతవ్. లైటు పీకి కొత్తది ఉల్టా పెట్టు, అంతే. పెట్టకపోతే రేపటి సంది పనికి రాకు. ఏమన్న అయితే కోదాడ గుడ్డిదాని మీదికి పోతది, రిపోర్టు రాసేది నేనే కద.”

గరిడేపల్లి బడిలో నా పక్కన కూర్చుని ఎక్కాలు చదివిన గొంతు అది. ప్రమాదం జరిగాకే మిల్లులో అడుగు పెట్టానన్న ధర్మేందర్ గొంతు. అంటే అంతకుముందు నుంచే మిల్లు వాళ్ల తరఫున ఐలయ్యతో పని చేయిస్తున్నది వాడే.

అప్పుడు కాళ్ల సంగతి నాకు అర్థమైంది. ఐలయ్య చేతిలో కట్టర్ ఉండే ఉంటుంది, సోల్డరింగ్ చేసిన పాత లైటు అది లేకుండా ఊడదు. కొత్తదాని కాళ్లు కోయడానికి ఒక్క క్షణం పట్టేది. కోయలేదు. పని పోతుందన్న భయంతో చెప్పినట్టు చేశాడు గాని, గుడ్డిదాని మీదికి పోతుందన్న మాటకు మాత్రం లొంగలేదు. గొర్లు కాసే ఇంటివాడు కాబట్టి చెవి కోయని గొర్రె ఎవరిది కాదో తెలుసు. ఇది జమ్లీ మందలోది కాదని ఆ రెండు కాళ్లతో చెప్పి పెట్టాడు. పెద్ద చదువు చదివిన ధర్మేందర్ ఆ గుర్తునే చూసి, పుస్తకంలో ఉన్నట్టు పొడుగు కాలు అని తన చేత్తో రాసుకున్నాడు.

ఇదంతా జమ్లీకి చెప్పాను. ఆమె అగ్గిపెట్టెను రొమ్ముకు అదుముకుని నిశ్శబ్దంగా ఏడ్చింది. ఒకరినొకరు కాపాడుకోవడానికి ఆయన తీగ కాళ్లు వదిలాడు, ఈమె అబద్ధం ఆడింది. ఇద్దరి నడుమా ఉన్నది నాలుగు గంటల పరిచయం. నా కళ్లూ తడిశాయి, దాచుకోలేదు.

మెసేజ్‌ను నా ఫోనుకు పంపుకుని, అక్కడి నుంచి సీఐకి పంపాను. ఒక్క టిక్కే పడింది, ఆయనకు ఇంకా చేరలేదు. అప్పుడు యాదమ్మ భయం భయంగా నా చేయి తట్టింది.

“సారూ, ఆ గొంతు సారే ఇందాక వచ్చిండు. హైదరాబాద్ పెద్ద దవాఖానకు తీస్కపోత అన్నడు. కాగితం మీద ఏలిముద్ర ఏయించుకున్నడు. బట్టలు పట్టుకొని కింద నిలబడమన్నడు. మా ఆయన పొద్దుగాల కండ్లు తెర్సిండని నేనే చెప్పిన.”

మెట్లు రెండేసి ఎక్కి మూడో అంతస్తు చేరాను. ఐలయ్య మంచం ఖాళీగా ఉంది, దుప్పటి ఇంకా వెచ్చగా ఉంది. వరండా చివర లిఫ్టు తలుపులు మూసుకుంటున్నాయి. ఆ సందులో తెల్లని కట్లు కనిపించాయి, స్ట్రెచర్ తల దగ్గర ధర్మేందర్ ఉన్నాడు. నన్ను చూశాడు. తలుపులు మూసుకున్నాయి, లిఫ్టు కిందికి దిగింది. కింద లిఫ్టు ముందు ఉన్నది ఇద్దరు ఆడవాళ్లు, అందులో ఒకామెకు చూపు లేదు.

మెట్ల మీద పరుగెడుతూనే జమ్లీ పేరు పెట్టి అరిచాను. మొదటి అంతస్తు మలుపు దగ్గరికి వచ్చేసరికి లిఫ్టు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. మెట్ల రెయిలింగ్ మీదుగా వంగి చూశాను. జమ్లీ లిఫ్టుకు అడ్డంగా నిలబడి ఉంది. చాచిన చేతి వేళ్ల మధ్య ఆ చిన్న ఎర్ర లైటు వెలుగుతోంది.

“పక్కకు జరుగు ముసల్దానా” అన్నాడు ధర్మేందర్.

“గదే గొంతు” అంది జమ్లీ. లైటు జారవిడిచి, స్ట్రెచర్ కడ్డీని రెండు చేతులతో పట్టుకుంది.

ధర్మేందర్ ఆమె మణికట్టు పట్టుకుని మెలితిప్పాడు. ఆమె వదల్లేదు. నాకూ వాళ్లకూ నడుమ ఇంకా పదిహేను మెట్లు ఉన్నాయి. అప్పుడు కట్ల మధ్య నుంచి ఐలయ్య చేయి మెల్లగా లేచింది. ఆ చేయి తడుముకుంటూ పోయి, జమ్లీ వేళ్ల మీద తన వేళ్లు వేసి కడ్డీని పట్టుకుంది.